కడుపునొప్పనే చెప్పాలన్నారు

మొన్న మా మనవరాలికి రోజూ బడి వేళకు కడుపునొప్పి వస్తోందని పటమటలో మా ఇంటి దగ్గరి సర్కారు ఆసుపత్రికి తీసుకెళ్లానా, ఆ డాక్టరమ్మ పొట్ట నొక్కి చూసి ఊరుకోకుండా, నిద్ర పడుతోందా, బళ్లో ఎవరి పక్కన కూర్చుంటావు, దేనికైనా భయమేస్తుందా అని మొదలుపెట్టింది. కడుపునొప్పికీ ఈ కూపీకీ ఏం సంబంధమో నాకు అంతుపట్టలేదు. పిల్లకి మతి బాగాలేదని పేరు పెట్టేస్తారేమోనని గుబులు పుట్టి, అది నోరు తెరవకముందే నేనే, బాగానే పడుకుంటదండీ, భయమేం లేదండీ అని అడ్డం పడ్డాను. ఆవిడ నవ్వింది.

"మామ్మగారూ, బడికి వెళ్లేది మీరా, పాపా? కాసేపు బయట కూర్చోండి."

బయట బల్ల మీద కూర్చున్నానేగాని నా చూపంతా ఆ తలుపు మీదే. అప్పుడు గుర్తొచ్చింది మా చెల్లెలు.

కంకిపాడు దగ్గర మా ఊళ్లో, అదీ నేనూ పరికిణీలు కట్టుకునే రోజుల్లో, ఒక వరికోతల కాలంలో అది ఉన్నట్టుండి మాట మానేసింది. అన్నం ముందు కూర్చుని మెతుకులు కెలికేది, ఎవరు తలుపు వేసినా ఉలిక్కిపడేది. కాలవగట్టున గాలి సోకిందని నాయనమ్మ ఉప్పూ మిరపకాయలూ దిగదుడిచి పొయ్యిలో వేస్తే ఘాటు రాలేదు, దాంతో గట్టి దిష్టేనని తేల్చేశారు. పొరుగింటి పెద్దమ్మ కళ్లు మంచివి కావని అమ్మ ఆవిడకి మజ్జిగ పొయ్యడం మానేసింది. ఆఖరికి కంపౌండరు దగ్గరికి బయల్దేరుతుంటే నాయనమ్మ మరీ మరీ చెప్పింది, కడుపునొప్పి అనే చెప్పాలి, ఇంకో మాట బయటికి పొక్కితే రేపు పిల్లను చేసుకునేవాడుండడని. ఆయన మంచివాడే, ఎక్కడమ్మా నొప్పి అని చెల్లెల్నే అడిగాడు. బొడ్డు దగ్గరండీ అని అమ్మ చెప్పింది. సీసాలో ఎర్రమందు పోసిచ్చాడు. లేని నొప్పికి ఆ మందంతా మా చెల్లెలు కిక్కురుమనకుండా తాగింది.

మాటలు మెల్లగా వచ్చాయి, పెళ్లీ అయింది, ఇప్పుడు దానికీ మనవలున్నారు. కానీ ఆ కోతల్లో ఏం జరిగిందో ఈనాటికీ మాకు తెలియదు. ఒకరి మీద నాకు అనుమానం ఉంది. ఆ మనిషి పోయి చాలా కాలమైంది.

ఇంతలో లోపల మా మనవరాలు ఏడుస్తూ ఏదో చెబుతున్నట్టు వినిపించింది. లేవబోయి మళ్లీ కూర్చున్నాను. డాక్టరమ్మ మతి మాటేమీ ఎత్తలేదు, ఈసారి వాళ్లమ్మను తీసుకురమ్మంది, అంతే. ఆటోలో పిల్ల ఆకలేస్తోందంది. ఆ డాక్టరమ్మ మీద నాకు అనుమానం ఇంకా పూర్తిగా పోలేదు, ఉన్నమాట చెబుతున్నా. అయినా మన కాలంలో పిల్లల్ని ఎంత ముద్దు చేశారు, ఎంత కొసరి కొసరి తినిపించారు, పెద్దవాళ్లను అవతలికి పంపించి నీకేమైందమ్మా అని ఒక్కరంటే ఒక్కరు పిల్లను అడిగారా. అడిగి ఉంటే మా చెల్లెలు చెప్పేదేమో.