గోడ వైపు తిరిగిన పలక

దయ్యాల మీద నాకెప్పుడూ నమ్మకం లేదు. ఆ మాటకొస్తే మా ఊళ్లో ఎండాకాలం కరెంటు మీద కూడా లేదు. చూసింది చూసినట్టు రాస్తున్నాను, నమ్మడం మీ ఇష్టం.

మాది మార్కాపురం. డిగ్రీ అయ్యాక నేనూ నా క్లాస్‌మేట్ దానియేలూ కలిసి ఒక కంపెనీ పెట్టాం. కంపెనీ అంటే ఒక రేకుల షెడ్డు, ఒక కటింగ్ మిషన్, ఇద్దరు ఫౌండర్లు. పలకల గనుల దగ్గర పనికిరావని గుట్టలుగా పోసిన రాయి తెచ్చి, కోసి, నునుపు చేసి ప్లేట్లు తయారుచేసేవాళ్లం. ప్లాస్టిక్ మానేసిన హైదరాబాదు, బెంగళూరు వాళ్లు కొనుక్కునేవాళ్లు. మనం అక్షరాలు దిద్దుకున్న రాయి మీద వాళ్లు కేకు పెట్టుకుంటారు. ఎవరి చదువు వాళ్లది.

ప్యాకింగులో కూడా ప్లాస్టిక్ ఉండకూడదని వరిగడ్డి పెట్టేవాళ్లం. ఆ గడ్డి ఆర్గానిక్కేనా అని ఒకావిడ మెసేజ్ పెట్టింది.

"మా బర్రె రోజూ తింటాంది, ఇంతవరకు కంప్లైంట్ రాలేదని రాయ్‌రా ఖాదరూ" అన్నాడు దానియేలు. నిజంగానే రాశాను. ఆవిడ ఇంకో సెట్టు ఆర్డరిచ్చింది.

వాడికొక పద్ధతి ఉండేది. ప్రతి ప్లేటునూ చెవి దగ్గర పెట్టుకుని వేలి కణుపుతో కొట్టేవాడు. మంచి రాయి ఖంగుమంటుంది. లోపల బీట ఉంటే ఆ మోత రాదు. బీట ఉన్నదాన్ని పారేయడు, గోడకానించి, ముఖం గోడ వైపు తిప్పి నిలబెడతాడు, హోంవర్కు చేయని పిల్లోడిని నిలబెట్టినట్టు. తర్వాత తీరిగ్గా వాటిని చిన్న ముక్కలుగా కోసి కప్పుల కింద పెట్టుకునే బిళ్లలు చేసేవాడు.

పోయిన వానాకాలం వాడికి జ్వరం వచ్చింది. ముందు మార్కాపురంలో చూపించాం, తర్వాత ఒంగోలు తీసుకుపోయాం. అంబులెన్సులో కూడా ఆర్డరు పోయిందా అని అడిగాడు. పోయిందన్నాను. మూడో రోజు వాడు పోయాడు.

ఆ తర్వాత షెడ్డుకు నేనొక్కడినే. మధ్యాహ్నం తాళం వేసి, ఇంటికి పోయి అన్నం తిని వచ్చేవాణ్ని. ఒకరోజు తిరిగొచ్చేసరికి ప్యాకింగుకు పేర్చిపెట్టిన ప్లేట్లలో రెండు గోడ వైపు తిరిగి ఉన్నాయి.

నేనే తిప్పి మర్చిపోయాననుకున్నాను. మర్నాడు ఇంకొకటి తిరిగింది. పిల్లి అనుకున్నాను, కానీ అంత నీటుగా నిలబెట్టే పిల్లి దొరికితే ఉద్యోగమే ఇస్తాను. రెండో తాళంచెవి దానియేలు వాళ్లమ్మ మరియమ్మ దగ్గర ఉంది. ఆమె హనుమంతునిపాడు దగ్గర ఒక పల్లెలో కూలిపనికి పోతుంది. రోజూ బస్సెక్కి వచ్చి ప్లేట్లు తిప్పిపోయేంత తీరిక ఆమెకు లేదు.

తిరిగిన ప్లేట్లను కొట్టి చూశాను. నా చెవికి తేడా తెలియలేదు. నీళ్లు పోసి ఎండలో పెట్టాను. రాయంతా ఆరాక వెంట్రుకంత గీత ఒకటి తడిగా మిగిలింది. బీట. ప్రతిదాంట్లోనూ ఉంది.

ఫోన్ కెమెరా పెట్టి పోలేదా అని అడుగుతారు. పెట్టలేదు. నేనే తిప్పుతున్నట్టు తేలితే అదొక బాధ. ఎవరూ లేరని తేలితే అంతకంటే పెద్ద బాధ.

వాడు పోయి సంవత్సరం దగ్గరపడుతుంటే మరియమ్మ వచ్చింది. నేను పెద్దమ్మా అని పిలుస్తాను.

"సమాధి మీదికి పేరు పలక నువ్వే చెయ్యి నాయనా. కొనుక్కొచ్చేది వొద్దు. వాడు చేత్తో నున్నగా చేసిన రాయే ఉండాల" అంది. జ్ఞాపకార్థ ప్రార్థన నాటికి పెట్టాలని ఆమె ఆశ.

వాడు కోసిపెట్టిన వాటిలో మంచిది ఏరి పేరు చెక్కాను. అన్నం తిని వచ్చేసరికి అది గోడ వైపు తిరిగి ఉంది.

కొట్టాను. ఖంగుమంది, నా చెవికి కూడా తెలిసేంతగా. నీళ్లు పోశాను. ఏ గీతా లేదు. ముందుకు తిప్పి పెట్టాను. మర్నాడు మళ్లీ తిరిగింది. ఇంకో రాయి తీసి చెక్కాను. అదీ అంతే.

పలక తీసుకుపోవడానికి వచ్చిన పెద్దమ్మకు అబద్ధం చెప్పలేకపోయాను. పలక తిరగడం గురించి అంతా చెప్పాను.

"నువ్వు బయట కూకో" అని లోపలికి పోయి తలుపు దగ్గరికి వేసుకుంది.

లోపలి నుంచి ఆమె గొంతు వినిపించింది.

"చాల్లే నాయనా, ఇంగ పని. అలిసిపోయినావు. ఇంటికి పోదాం పా."

పలకను కొంగులో చుట్టి, రొమ్ముకు హత్తుకుని బయటికొచ్చింది. నేనూ ఆమెతో బస్సెక్కాను. కండక్టర్ "ఏందమ్మా బరువు, కింద పెట్టు" అన్నాడు. కొంగు చాటు నుంచి పేరు కనిపించిందేమో, చాచిన చేయి వెనక్కి తీసుకుని ముందుకు పోయాడు.

పలక పెట్టాం. ప్రార్థనకు వచ్చినవాళ్లు పాటలు పాడారు. నాకు రావు కాబట్టి పెదాలు కదిపాను.

ఆ రోజు నుంచి ఒక్క ప్లేటు కూడా తిరగలేదు. పగిలిపోయాయని కస్టమర్లు ఫోటోలు పంపుతున్నారు. క్షమాపణ చెప్పి ఇంకొకటి పంపుతున్నాను. నీళ్లు పోసి చూసుకోవచ్చు కదా అంటారు. చూసుకోవచ్చు. అది వాడి పని, నాకు చేతులు రావడం లేదు.

బీట లేని రాయిని ఎందుకు తిప్పాడో, అసలు తిప్పింది ఎవరో నాకు ఇప్పటికీ తెలియదు. పెద్దమ్మను అడిగితే "వానికి పోబుద్ధి కాలేదు" అంది.

ఇప్పుడు ఆకలి లేకపోయినా మధ్యాహ్నం తాళం వేసి ఇంటికి పోతున్నాను. తొందరగా తిరిగి రాను. ఎవరికైనా పని చేసుకోవడానికి కొంచెం టైమివ్వాలి కదా.