చివరి వరసలో వెనక్కి తిరిగి కూర్చునే మనిషి

మా తోడల్లుడు పోయారన్న కబురు నాకు మధ్యాహ్నం భోజనాల వేళ తెలిసింది. సింగపూర్ వన్-నార్త్‌లో మా ఆఫీసు పక్కనున్న హాకర్ సెంటర్లో, బల్ల మీద టిష్యూ ప్యాకెట్ పెట్టి చోటు ఆపుకుని, ఇక్కడి మాటలో చోప్ చేసుకుని, తిండి కోసం వరసలో నిలబడ్డాను. మా ఆవిడ ఫోన్ చేసింది. "బావగారు ఆఫీసులో కుర్చీలోంచి లేవలేదటండీ. అక్క ఒక్కత్తే ఉంది, మీరు ముందు ఆసుపత్రికి వెళ్లండి" అంది. ఏ ఆసుపత్రి అని అడగాలి కదా. నేను అడగలేదు. "వాన పడుతోంది, పిల్లల్ని తీసుకుని టాక్సీలో రాకు, ట్రైన్‌లో రా" అన్నాను. ఆ మాట అనవలసింది ఆయన. ఆయన లేరని తెలిసిన మరుక్షణం అది నా నోట్లోంచి వచ్చింది.

ఆయన మా ఆవిడ అక్కగారి భర్త. నేను అన్నయ్యా అనేవాణ్ణి, ఆయన తమ్ముడూ అనేవారు. మా పిల్లలిద్దరికీ పెద్దనాన్న. వాళ్లు బిషాన్‌లో, మేం చోవా చూ కాంగ్‌లో. వాళ్లకి పిల్లల్లేరు కాబట్టి శనాదివారాలు మా ఫ్లాట్‌లోనే ఎక్కువగా గడిచేవి. ఆయనది బ్యాంకుల సాఫ్ట్‌వేర్‌ను పరీక్షించే ఉద్యోగం. నాలాంటి ప్రోగ్రామర్లు రాసినదాన్ని ఎలా చెడగొట్టవచ్చో కనిపెట్టడమే ఆయన పని. ఐటీ మంచి ఊపు మీద ఉంది. తెలిసినవాళ్లలో ఎవరిని చూసినా ఉద్యోగం మారుతున్నారు, ఫ్లాట్ మారుతున్నారు, కారు కొంటున్నారు. ఇంత సంబరం మధ్యలో ఆయన ఒక్కరే భయపడుతూ తిరిగేవారు.

ఆ భయాన్ని దాచుకునేవారు కూడా కాదు. ట్రైన్ వచ్చి ఆగి తలుపులు తెరుచుకునేదాకా గోడకి ఆనుకుని నిలబడేవారు. మా కారిడార్ పిట్టగోడ మీద పూలకుండీలుంటే, వచ్చీ రాగానే చెప్పులైనా విప్పకుండా వాటిని కిందికి దించేవారు. ఎవరెక్కడికి బయల్దేరినా, చేరాక ఆయన ఫోన్‌కి ఒక్క రింగు ఇచ్చి కట్ చేయాలి. అందిందన్న గుర్తుగా ఆయన తిరిగి ఒక్క రింగు ఇచ్చేవారు. ఖర్చు లేని కబురు. రింగు ఇవ్వడం మర్చిపోయామా, ఆ పూట ఆయన భోజనం చేసేవారు కాదని అక్క దెప్పేది. "ఈయనతో కాపరం అంటే రోజూ విమానం ఎక్కినట్టే, ఎప్పుడూ బెల్టు పెట్టుకునే ఉండాలి" అని నవ్వేది. ఆయనా నవ్వేవారు. నవ్వుతూనే గ్యాస్ కట్టేసి ఉందో లేదో వెళ్లి చూసేవారు.

కారు సంగతి చెప్పాలి. రెండేళ్ల కిందట ఇక్కడి మా తెలుగువాళ్ల సంఘం కార్తీక వనభోజనాల కోసం, కారు వెనక తగిలించి లాగే ఒక పాత ట్రైలర్ కొంది. గుండిగలు, పొయ్యిలు, గ్రైండరు, బియ్యం, టెంటు గుడ్డలు అన్నీ అందులో వేసుకుని, తువాస్ వంతెన మీదుగా మలేషియాలోకి దాటి, జొహోర్ అవతల తెలిసినవాళ్ల తోటకి వెళ్లాలని ఆలోచన. అక్కడో ఉసిరి చెట్టుంది. ఆ ఊరివాళ్లు దాన్ని మెలాకా చెట్టంటారు. ట్రైలర్‌ని ఎవరు లాగాలన్న మాట వచ్చినప్పుడు నేను చెయ్యెత్తాను. ఎలాగూ కారు కొనాలనుకుంటున్నాం, ఏడుగురు పట్టే ఎస్‌యూవీ కొంటే అందరం ఒకే బండిలో పోవచ్చు, వెనకాల ట్రైలర్‌నీ తగిలించుకోవచ్చు అనుకున్నాను. నా మనసు మాత్రం పైకప్పు తెరుచుకునే ఒక వెండిరంగు బండి మీద ఉంది.

"కారు చూడ్డానికి నేనూ వస్తాను తమ్ముడూ" అన్నారాయన. డ్రైవింగ్ రాని మనిషికి కారుతో ఏం పనని మా ఆవిడ నాకు సైగ చేసింది. రావడం ఆయనొక్కరే కాదు, మా అత్తగారితో సహా ఇంటిల్లిపాదినీ షోరూముకి బయల్దేరదీశారు. నేను మనసుపడ్డ బండిలో మా ఆరుగుర్నీ ఎక్కించి, తను మాత్రం కిందే ఉండి వెనక చక్రం దగ్గర గొంతుకు కూర్చున్నారు. చక్రానికీ పైనున్న రేకుకీ మధ్య సందు ఎంతుందో బెత్తెతో కొలుస్తున్నారు. అమ్మే కుర్రాడికి నవ్వాగలేదు.

"అంకుల్, సింగపూర్‌లో వేర్ గాట్ హిల్? ఎనీ కార్ ఆల్సో కెన్ పుల్ లా" అన్నాడు, ఇక్కడివాళ్ల ఇంగ్లీషులో.

అన్నయ్య నా వైపు తిరిగి తెలుగులో అన్నారు. "లాగడానికేముంది, ఏదైనా లాగుద్ది. మనందరం ఎక్కి, వెనకాల ఆ బరువు కూడా ఉన్నప్పుడు, ముందెవడో సడన్‌గా ఆపాడనుకో. మన బండి ఆగుద్దా లేదా, అదడుగు. ఇంకోటి. ట్రైలర్ ముక్కు మన బండి మీద కూర్చుంటది గదా, ఆ బరువుని ఇంకో మనిషి కింద లెక్కేసుకోవాలి. ఈ బండి మనతోనే నేలకంటుకుపోయింది. ఇంకో మనిషి ఎక్కితే ముందు చక్రాలు తేలిపోతాయి."

అదే నేను ఇంగ్లీషులో అడిగితే, అంత వివరంగా ఆ కుర్రాడు చెప్పలేకపోయాడు, లోపల్నుంచి పెద్దాయన్ని పిలుచుకొచ్చాడు. ఆయన పుస్తకం తిరగేసి, నిజమే, అందరూ కూర్చుంటే దీనితో లాగకపోవడమే మంచిదన్నాడు. వెండిరంగు బండి అలా పోయింది. చివరికి ఎవరూ మోజుపడని ఒక ముదురు ఆకుపచ్చ బండి కొన్నాం. కింద చట్రం బలంగా ఉంది, పొడవెక్కువ, బరువెక్కువ, తలుపు వేస్తే బీరువా మూసినట్టుంటుంది. మా అమ్మాయి దాన్ని చూసి, "పెద్దనాన్నా, సో అగ్లీ లా" అంది. "అగ్లీయేనమ్మా, కానీ ఆగుద్ది" అన్నారు. ట్రైలర్ తగిలించే కొక్కెం బిగించి, దాన్ని తనిఖీ చేయించి, కాగితం చేతికొచ్చేదాకా ఆయనకి నిద్రపట్టలేదని తర్వాత అక్క చెప్పింది.

ఆ ఏడాది కార్తీకంలో మొదటిసారి వెళ్లాం. సామాను సర్దింది మా ఆవిడా, అక్కా. వంట తెలిసిన ఎవరైనా ఎలా సర్దుతారో అలాగే సర్దారు. దిగగానే కావలసినవి తలుపు దగ్గర, అంటే ట్రైలర్ చిట్టచివర. పొయ్యిలు, గ్రైండరు, బియ్యం బస్తాలు, మంచినీళ్ల డబ్బాలు అన్నీ అక్కడే. ఆఖర్న వాడే విస్తరాకులు, టెంటు గుడ్డలు ముందు వైపు. అన్నయ్య మా అత్తగారిని తీసుకుని బిషాన్ నుంచి వచ్చేసరికి తలుపుకి తాళం పడిపోయింది. వచ్చిన మనిషి చివరి వరసలో కూర్చుని, బెల్టు పెట్టుకుని, ఒళ్లంతా మెలితిప్పి వెనక అద్దంలోంచి ట్రైలర్‌ని చూడటం మొదలుపెట్టారు. "పెద్దనాన్నా, వ్యూ అంతా ముందుంది" అని పిల్లలు వేళాకోళం చేశారు. "మీరు ముందు చూడండి, నేను వెనక చూస్తా" అన్నారు.

వంతెన దాటాక వాన పట్టుకుంది. రోడ్డు కొంచెం పల్లంగా దిగేచోట ఒక పెద్ద లారీ మమ్మల్ని దాటుకుని పోయింది. దాని గాలికి వెనకాల ఏదో కుదిపినట్టయింది. అద్దంలో చూస్తే ట్రైలర్ ఒక పక్కకి పోయి కనిపించింది. మరుక్షణం ఇంకో పక్క. స్టీరింగు నా చేతుల్లోనే ఉంది, బండి మాత్రం నా మాట వినడం లేదు. వెనకాల ఉన్నది మమ్మల్ని పట్టుకుని ఊపుతోంది. నా కాలు బ్రేకు మీదికి వెళ్లింది.

"తమ్ముడూ, బ్రేకు తొక్కొద్దు." చివరి వరసలోంచి ఆయన గొంతు. అరవలేదు. "యాక్సిలరేటర్ మీంచి కాలు తీసెయ్. స్టీరింగు తిప్పకు, తిన్నగా పట్టుకో. నేను చూస్తున్నా. ఇంకా ఊగుతోంది. పట్టుకునే ఉండు. ఇంకా ఊగుతోంది. ఆ, తగ్గింది. తగ్గింది."

ఆ గొంతు వణుకుతోందని నాకు స్పష్టంగా వినిపించింది. అయినా దాన్ని పట్టుకునే నేను ఆ పల్లం దిగాను. పక్కకి తీసి ఆపాక ఆయన దిగి, తుప్పల్లోకి వెళ్లి వాంతి చేసుకున్నారు. తిరిగొచ్చి, "నాకింకా భయంగానే ఉంది. నీకూ ఉందా?" అని అడిగారు. ఉందన్నాను. "అయితే ఫర్లేదు, ఇద్దరం కలిసి చూద్దాం" అన్నారు.

తాళం తీశాక సంగతి తెలిసింది. బరువంతా తోక దగ్గరుంది. ట్రైలర్ ముక్కు పైకి లేచి, మా బండి వెనక భాగాన్ని కూడా పైకి ఎత్తుతోంది. మా ఆవిడ ముఖం పాలిపోయింది. "పొయ్యే కదా బావగారూ ముందు కావాలి, అందుకే తలుపు దగ్గర పెట్టాం" అంది. ఆయన ఒక్క మాట కూడా కటువుగా అనలేదు. "వంటకి అదే సరైందమ్మా. బండికి వేరే. గ్రైండరు చక్రాల మీదికి, కాస్త ముందుకి జరుపుదాం" అని వానలో తడుస్తూ అన్నీ మళ్లీ సర్దించారు. తర్వాత ముక్కుని చేతులతో ఎత్తి చూశారు. తేలిగ్గా లేవకూడదట, అసలు లేవకుండానూ ఉండకూడదట, కష్టపడితే లేవాలట. ఆ రోజు పొయ్యిలన్నీ లోపలి వరసలో ఇరుక్కుపోవడంతో వంట ఆలస్యమై, ఆకలికి అందరూ మమ్మల్ని తిట్టుకుంటూ తిన్నారు. అన్నయ్య మెడ పట్టేసి, రెండు రోజులు బామ్ వాసన కొట్టారు.

మండాయ్ శ్మశానవాటికలో ఆయన కార్యక్రమం అయిపోయాక ఇంటికొచ్చి, చెప్పులు విప్పుతూనే అలవాటుగా ఫోన్ తీశాను. ఆయన నంబరు దాకా వెళ్లి ఆగిపోయాను. ఆ ఫోన్ ఎక్కడుందో, ఎవరి దగ్గరుందో కూడా తెలియదు. ఇంతకాలం నా వంతు భయం కూడా ఆయనే పడ్డారని అప్పుడు అర్థమైంది. ఇప్పుడది నా దగ్గరికొచ్చింది. పిల్లలు స్కూలుకి వెళ్తే భయం, లిఫ్టు ఆగితే భయం, వాన మొదలైతే భయం. ఆయన ఇంత బరువు మోస్తూ ఎలా జోకులేసేవారో నాకు తెలియడం లేదు.

ఈ ఏడు కార్తీకం రాగానే, ట్రైలర్ లాగుతారా అని సంఘంవాళ్లు అడిగారు. "ఈసారి ట్రైలర్ వద్దండీ, నాకు ధైర్యం లేదు" అంది మా ఆవిడ. నాకూ లేదు. అదే చెప్పాను. సరే, నా కారుకి తగిలించండి, నేను లాగుతానన్నారు కొత్తగా చేరినాయన ఒకరు. చిన్న కారు, వెనక సీట్లో ఇద్దరు పిల్లలు. అది విన్నాక నాకు ఇంకా భయమేసింది. వద్దులెండి, నేనే లాగుతానన్నాను.

పోయిన ఆదివారం వెళ్లాం. అక్క రాలేదు, అత్తగారు అక్కకి తోడుండిపోయారు. గ్రైండరు ఎక్కడుండాలో మా ఆవిడ ఎవర్నీ అడగలేదు. విస్తరాకులే తలుపు దగ్గర పెట్టింది. నేను ముక్కు ఎత్తి చూశాను. కష్టపడితే లేచింది. బండెక్కబోతే మా అమ్మాయి తన చోటు వదిలేసి చివరి వరసలోకి వెళ్తోంది. బెల్టు పెట్టుకుని, ఒళ్లు మెలితిప్పి వెనక్కి తిరిగింది. నేను బండి తీశాను.

వంతెన దాటాక వాన పడింది. దారి పొడుగునా అద్దంలో ట్రైలర్‌ని చూసుకుంటూనే నడిపాను. ఆ పల్లం దగ్గర కాలు తీసేశాను. వెనక నుంచి అమ్మాయి గొంతు వినపడింది. "నాన్నా, ఐ యామ్ వాచింగ్. ఓకే. స్టిల్ ఓకే." తోట చేరేదాకా అలా చెబుతూనే ఉంది.

దిగాక మెడ రుద్దుకుంటూ వచ్చి నా ఫోన్ అడిగింది. నంబరు వెతికి, ఒక్క రింగు ఇచ్చి కట్ చేసింది. ఫోన్ నా చేతికిచ్చి ఉసిరి చెట్టు కిందికి వెళ్లిపోతోంది. అంతలో నా అరచేతిలో ఫోన్ మోగింది. తెర మీద 'అన్నయ్య' అని వచ్చింది. బిషాన్‌లో ఆ ఫోన్‌ని అక్క చేతిలో పెట్టుకునే కూర్చుందన్నమాట. ఒక్కసారి మోగి, ఆగిపోయింది.