ఇంటర్వ్యూకి తోడొచ్చిన మేడం

తార్నాకలో మా ఇంటి వెనక సందులో ఒక చిన్న స్కూలుంది. మా అమ్మాయి అక్కడ ఐదో తరగతి చదివేది. ఆరో తరగతికి పేరున్న ప్రైవేటు స్కూల్లో వెయ్యాలని నాకూ నా భార్యకూ ఒకటే పట్టుదల. పిల్లకి తెలివుంది కానీ భయం ఎక్కువ. కొత్తవాళ్ళు పేరడిగినా నేల చూస్తుంది. అందుకే హెడ్ మేడం దగ్గరికి వెళ్ళి, పిల్ల గురించి ఒక మంచి మాట రాసివ్వమని అడిగాను.

"రాసిస్తే ఎవరు చదువుతరు సార్? నేనే వస్తా," అందామె.

అక్కణ్ణించి మొదలైంది మా అవస్థ. పొద్దున్నే అందరూ వాకింగ్‌కి వెళ్ళే యూనివర్సిటీ క్యాంపస్‌లో, చెట్ల కింద సిమెంటు బెంచీ మీద కూర్చోబెట్టి ఉత్తుత్తి ఇంటర్వ్యూ పెట్టేది. పిల్లకి కాదు, మాకు. పెద్ద స్కూళ్ళు ముందు తల్లిదండ్రుల్నే చూస్తాయట. ఒకరోజు నడక ఆపి నిలబడ్డ రిటైర్డ్ ప్రొఫెసర్, కర్నూలు వైపు మనిషి, నా జవాబు విని, "ఏమప్పా, కూతురికి సీటడుగుతాండావా, బెయిలడుగుతాండావా?" అన్నాడు. నాకు ఒళ్ళు మండింది. మేడం మాత్రం మర్నాటి నుంచి ఆయన్ని కూడా ప్యానెల్లో కూర్చోబెట్టింది.

అసలు రోజు నలుగురం వెళ్ళాం. తలుపు దగ్గర మేడంని చూసి ఈమె ఎవరని ఆపితే, "మా ఇంటి మనిషే" అనేశాను. లోపల ప్రిన్సిపాల్ మా అమ్మాయిని సగంలో సగం ఎంతని అడిగాడు. పిల్ల నేల చూసింది. నాకు పై ప్రాణం పైనే పోయింది. మేడం చటుక్కున వాళ్ళ టీ పక్కనున్న ప్లేట్లోంచి బిస్కెట్టు తీసి విరిచింది.

"గిది సగం. దీన్ని మళ్ళ విరిస్తే ఏమైతది బిడ్డా?"

"పావు," అంది పిల్ల నవ్వుతూ.

ఇక వాళ్ళ కంటికి మేం ఆనలేదు. ప్రిన్సిపాల్ ఇంకో బిస్కెట్టు అందించాడు. పక్కనున్న టీచరమ్మ, మూడో వంతు ఎలా చెప్తారని అడిగింది. ప్లేటు ఖాళీ అయ్యేదాకా పాఠం నడిచింది. ఆఖర్న ప్రిన్సిపాల్ ముక్క నములుతూ, మేడం ఏం చదివిందో, ఎన్నాళ్ళ నుంచి చెప్తోందో అడిగాడు. సీటు ఖాయమని సంబరపడి నా భార్య కాలు తొక్కాను.

కొన్నాళ్ళకి ఫోనొచ్చింది. పాప తోడు లేకుండా జవాబు చెప్పలేకపోయిందట, సీటివ్వలేరట. ఆ సాయంత్రమే మేడం వచ్చి మా గుమ్మంలో నిలబడింది. రమ్మన్నా లోపలికి రాలేదు. ఆ స్కూలువాళ్ళు ఆమెను లెక్కల టీచరుగా తీసుకున్నారట.

అసలుకే ఎసరొచ్చింది. మంచి టీచర్లుంటారని పేరున్న స్కూలుకెళ్ళి, ఉన్న టీచర్ని మా చేతులతో మేమే అప్పజెప్పి వచ్చాం. ఎవరి మీద కోప్పడాలో తెలియక నాకు నవ్వొచ్చింది. నా భార్య గుడ్లురిమి చూసింది.

"నారాజ్ కాకు బిడ్డా. వచ్చే ఏడు మళ్ళ అప్లై చెయ్యి. నేను గాడనే ఉంటా కదా," అంది మేడం.

పిల్ల కళ్ళనిండా నీళ్ళు పెట్టుకుంది.

"మరి అప్పుడు నాతోటి ఎవరొస్తరు మేడం?"

నేను పక్కనే ఉన్నాను. పిల్ల నా వైపు చూడనైనా లేదు.