నూట ఇరవై పేజీల కరువు

మా అనంతపురంలో కరువుకు ఒక పుస్తకం ఉంది. ఏ ఊళ్లో బోర్లు ఎండిపోయాయి, ఏ ఊరికి వేసవిలో ట్యాంకరుతో నీళ్లు తోలాలి అన్నది ఊరూరా రాసుకొచ్చి, ఎండలు ముదిరేలోపు ఒక ఆఫీసు వాళ్లు అచ్చు వేయిస్తారు. వానలు ఎగ్గొట్టిన ఏళ్లు చాలానే చూశాను గానీ, ఈ పుస్తకం ఎగ్గొట్టిన ఏడాది నాకు గుర్తు లేదు. దాన్ని మూడేళ్లు వరసగా కూర్చి ఇచ్చిన ఘనుణ్ని నేనే.

ఘనుణ్ని అని ఊరికే అనడం లేదు. అప్పట్లో నా గురించి నేను అలాగే అనుకునేవాణ్ని. తొమ్మిదేళ్లు ప్రభుత్వ ఉద్యోగాల పరీక్షలు రాసి, తొమ్మిదేళ్లూ తప్పి, చివరికి బస్టాండు వెనక సందులో రెండు కంప్యూటర్లతో డీటీపీ షాపు పెట్టుకున్నాను. ఉద్యోగం రాలేదన్న మంట లోపల ఉండనే ఉంది. ఆ మంటంతా పక్క షాపుల వాళ్ల మీద చూపించేవాణ్ని. పెళ్లిపత్రికలో ఒక మేనమామ పేరు పెరిగితే వాళ్లు మౌసు పట్టుకుని పేజీ అంతా జరుపుకుంటూ కూర్చుంటారు. నేనట్లా కాదు. ఇంటర్నెట్‌లో ఉచితంగా దొరికే ఒక అక్షరకూర్పు వ్యవస్థను పట్టుకున్నాను. విషయం రాసి, అది ఎలా ఉండాలో నాలుగు ఆదేశాలు ఇస్తే చాలు, పేజీలు అదే కట్టుకుంటుంది. పది మంది మేనమామలు పెరిగినా నాకు లెక్కలేదు.

ఆ వ్యవస్థ ఒక్కో అక్షరాన్నీ ఒక చిన్న డబ్బాలా చూస్తుంది. డబ్బా పక్కన డబ్బా, మధ్యలో సాగే ఖాళీ, అన్నీ కలిపి ఒక గొలుసు. ఆ గొలుసును తుంచి వరసలు చేస్తుంది, వరసలు పేర్చి పేజీ చేస్తుంది. మామూలుగా వాడేవాళ్లకు ఇదేమీ కనపడదు. కానీ దాని కడుపులో ఒక చిన్న స్క్రిప్టు భాష కూడా పెట్టారు. వరస తుంచే ముందు, పేజీ కట్టే ముందు, ఏదైనా తేడా వచ్చి మొరపెట్టుకునే ముందు, నీకేమైనా పని ఉంటే చేసుకో అన్నట్టు అది కాసేపు ఆగుతుంది. అక్కడ మనం రాసిన ఫంక్షన్‌ను తగిలించవచ్చు. గొలుసులో ఏ డబ్బానైనా పట్టుకుని ఎటు కావాలంటే అటు జరపవచ్చు. పైపైన టైపు చేసుకునే ఈ ఊళ్లో అంత అడుగుదాకా దిగినవాణ్ని నేనొక్కణ్ణే అని నాకు పొగరు. పత్రికలు కొట్టించుకోవడానికి వచ్చినవాళ్లకు కూడా ఈ సంగతులు వివరించేవాణ్ని. పాపం, పత్రిక చేతికి వచ్చేదాకా వాళ్లు లేచిపోవడానికి లేదు.

కరువు పుస్తకం అప్పగించిన ఆఫీసరుకు ఈ గొలుసులూ డబ్బాలూ అక్కర్లేదు. ఆయనకు కావలసింది నూట ఇరవై పేజీలు.

"పోయినేడు నూట ఇరవై ఉండె. ఈసారీ నూట ఇరవయ్యే ఉండల్ల. పెరిగితే కరువు పెరిగిందంటారు, తగ్గితే మేము పని చేయలేదంటారు. నాకెందుకప్పా ఈ తలనొప్పి?" అన్నాడు.

"ఈసారి ఊర్లు ఎక్కువ వచ్చినాయి సార్."

"ఊర్లు వస్తానే ఉంటాయి. పేజీలు రాకూడదు."

ఇంకో కోరిక కూడా కోరాడు. పట్టికలో వరస నంబర్ల గడి తీసేయమన్నాడు. నంబర్లుంటే పని లేనివాడు ఎవడో కూర్చుని లెక్కపెడతాడట.

పక్క షాపువాడైతే చేతులెత్తేసేవాడు. నేను ఎగిరి గంతేశాను. పేజీ కట్టే చోట ఒక ఫంక్షన్ తగిలించి, వరసల మధ్య ఖాళీని పిండేశాను. కింది అంచును కోయగలిగినంత కోశాను. ఏమైనా సరే, పేజీకి ఇన్ని ఊర్లు ఎక్కాల్సిందేనని ఖాయం చేశాను. మా బస్టాండులో పల్లెబస్సుకు జనాన్ని ఎక్కించినట్టు ఎక్కించాను. నూట ఇరవై వచ్చి కూర్చుంది.

కూర్చుంది గానీ వ్యవస్థ ఊరుకోలేదు. కొన్ని ఊర్ల పేర్లు పొడుగు. అవి గడిలో పట్టక రెండు వరసలకు మళ్లేవి. అలాంటి పేరున్న పేజీలో చివరి ఊరికి చోటు చాలదు. 'ఈ పేజీలో పట్టడం లేదు, ఒక వరస కిందికి పోతోంది' అని స్క్రీన్ మీద ఎర్రటి అక్షరాలతో మొర. పేజీ కట్టించిన ప్రతిసారీ అదే మొర. నేను చూశాను. కిందికి పోయిన వరస కాగితం చివర ఆనుకుని కనపడుతూనే ఉంది. ఈ మాత్రానికి ఇంత గోలెందుకు అనిపించింది. పైగా ఆఫీసరు వచ్చి నా పక్కన కూర్చున్న రోజున అవి చూసి, "ఏమప్పా, ఏందో అరుస్తాండాది?" అని అడిగాడు. నాకు నామోషీ అయింది.

మొర బయటికి వచ్చే చోట కూడా మన ఫంక్షన్ తగిలించవచ్చని చెప్పాను కదా. తగిలించాను. రెండే రెండు వరసల ఫంక్షన్. మొరను చేతికి తీసుకుంటుంది, ఏమీ చేయదు. స్క్రీన్ తుడిచినట్టు శుభ్రమైపోయింది.

"ఇప్పుడు బాగుండాది," అని ఆఫీసరు మెచ్చుకున్నాడు. ఆయన ప్రూఫు చూసిన పద్ధతి కూడా చెప్పాలి. పేజీ నంబర్లు పైన ఉంటాయి. చివరి కాగితం తిప్పాడు, నూట ఇరవై అన్న అంకె చూశాడు, సంతకం పెట్టాడు. పేజీల కింది భాగంతో ఆయనకు పని పడలేదు.

ఆ ఆఫీసులో సోమవారం అర్జీలు తీసుకుంటారు. అర్జీలు టైపు చేసేది మా డీటీపీ వాళ్లమే కాబట్టి ఆ రోజు మాకూ గిరాకీ. ఏదో పనిమీద వెళ్లినప్పుడు నేను ఆ తంతు చాలాసార్లు చూశాను. జనం వరసలో నిలబడతారు. ఆఫీసరు అర్జీని రెండు చేతులా అందుకుని, చదివినట్టు తల ఊపి, పక్కనున్న అట్టపెట్టెలో వేస్తాడు. పెట్టె నిండితే ఇంకో పెట్టె తెస్తారు. ఈ పెట్టెల కథ టీ అంగడి దగ్గర నేను అభినయించి మరీ చెప్పేవాణ్ని. అందరూ నవ్వేవాళ్లు, అందరికంటే నేనే ఎక్కువ నవ్వేవాణ్ని. నా రెండు వరసల ఫంక్షన్ కూడా అదే పని చేస్తోందని ఒక్కనాడూ తట్టలేదు.

పుస్తకం విడుదల ఘనంగా జరిగింది. వేదిక మీద పెద్దలందరూ తలా ఒక ప్రతి ముఖం పక్కన పట్టుకుని ఫొటో దిగారు. ఎవరూ తెరవలేదు. ఒకాయన ప్లాస్టిక్ కవరు కూడా తీయలేదు. నేను వెనక వరసలో కూర్చుని ఆ పుస్తకం నా చేతి పని అని పక్కవాళ్లకు చెప్పుకుంటున్నాను. ఆ తర్వాత ప్రతులు ట్యాంకర్ల డ్రైవర్లకు వెళ్లాయి. అచ్చు పుస్తకం వచ్చాక ఊర్ల నుంచి వచ్చిన అసలు జాబితాను ఇక ఎవరూ ముట్టుకోరు.

వారం తిరక్కముందే శింగనమల వైపు నుంచి ఒక పెద్దాయన నా షాపుకు వచ్చాడు.

"ట్యాంకరు పక్కూరికి పోతాండాది, మా ఊరికి రాదంట. అడిగితే బుక్కులో ల్యాదంటాడు డ్రైవరు. ఒక అర్జీ కొట్టియ్యప్పా," అన్నాడు.

"ఆఫీసోళ్లు ఊరు చూసే రాసింటారులే పెద్దాయనా," అన్నాను, టైపు చేస్తూనే.

"చూసినారు. ఊరు ఆడనే ఉండాది. బుక్కులోనే ల్యాదు."

అర్జీ బ్రహ్మాండంగా చేసి ఇచ్చాను. రెండు పక్కలా అంచులు సమానం, వరసల మధ్య ఖాళీ కంటికి హాయిగా. అసలు జాబితా ఆ కంప్యూటర్లోనే ఉంది. తెరిచి చూడటానికి ఒక నిమిషం చాలు. నేను తెరవలేదు. అర్జీ పెట్టేవాళ్లు ఏదో ఒకటి అంటూనే ఉంటారులే అనుకున్నాను. ఆయన ఆ సోమవారం వరసలో నిలబడి దాన్ని ఇచ్చి వెళ్లాడు. అది ఎక్కడికి పోయి ఉంటుందో మీకు తెలుసు.

మా ఊరు వజ్రకరూరు వైపు. తొలకరి పడితే చాలు, ఎక్కడెక్కడి జనమో వచ్చి మా చేలల్లో వంగి వజ్రాలు వెతుకుతారు. ఎండాకాలం మేము నీళ్లు వెతుక్కుంటాం, అప్పుడు ఎవరూ రారు. నాయన అక్కడే ఉంటాడు, ఎండిపోయిన రెండు బోర్లూ, శెనక్కాయలు వేసే ఎర్రనేలా చూసుకుంటూ. పెద్దాయన వచ్చివెళ్లిన పది రోజులకు నాయన ఫోన్ చేశాడు.

"ట్యాంకరు మన ఊరి మీదనే పోతాండాది, నిలపడం ల్యా. ఈ పొద్దు రోడ్డుకు అడ్డం నిలబడితిని. డ్రైవరు బుక్కు తీసి చూపించినాడు. మన ఊరు ల్యాదు. ఆ బుక్కు నువ్వే చేసినావంటివి కదా?"

"ఉంటాది నాయనా. వాడు సరిగ్గా చూసిండడు."

"పక్కూరు ఉండాది. దాని కింద ఏం ల్యాదు. మీ అమ్మ మోకాళ్ల నొప్పితో రెండు బిందెల కోసం ఆ పక్క తోట దాకా పోతాండాది. ఆ తోటాయన కూడా రేపటి నుంచి రావద్దనె."

ఫోన్ పెట్టేసి అచ్చు పుస్తకం తీశాను. పక్కూరి పేరుతో పేజీ అయిపోయింది. కంప్యూటర్లో చూశాను, జాబితాలో మా ఊరు ఉంది. ప్రూఫు కాగితం తీశాను. అందులోనూ ఉంది, కాగితం చిట్టచివర, అంచుకు వేలాడుతూ. బైండింగ్ వాడు అంచులు నున్నగా రావాలని మూడు పక్కలా కటింగ్ మిషన్ కింద పెట్టి కోశాడు. మా ఊరు ఆ తుక్కులో పోయింది.

ఆ రెండు వరసల ఫంక్షన్ తీసేసి మళ్లీ పేజీలు కట్టించాను. ఏడు మొరలు వచ్చాయి. ఏ పేజీలో, ఎంత కిందికి పోతోందో కూడా చెప్పింది. ఇన్నాళ్లూ నోరు నొక్కినందుకు దానికి నా మీద కోపమేమీ లేదు. ఏడు పేజీలూ తిప్పి చూశాను. ఒకదాని చివర శింగనమల పెద్దాయన ఊరు. ఆయన అర్జీ ఇంకా నా కంప్యూటర్లోనే ఉంది. సిగ్గుతో ఒళ్లు కాలిపోయింది. మా నాయన ఆ ఏడు ఊర్లలో ఒక దాంట్లో పుట్టి ఉండకపోతే నేను ఆ ఫంక్షన్ తీసి చూసేవాణ్నే కాదు.

మర్నాడు పొద్దున్నే ఆఫీసుకు వెళ్లాను.

"తప్పు నాదే సార్. ఏడూర్లు పడిపోయినాయి. మళ్లీ అచ్చేయల్ల."

ఆయనకు కోపం రాలేదు, భయం వేసింది. "మళ్లీ వేస్తే ఎన్ని పేజీలు?"

"నూట ఇరవై ఒకటి."

"కుదరదు. పెద్దోళ్ల చేత విడుదల చేయించినాం, ఫొటోలు పడినాయి. ఇప్పుడు పోయి కరువు ఒక పేజీ పెరిగిందని చెప్పమంటావా?"

"నీళ్లు సార్. ఆడ జనానికి నీళ్లు ల్యావు."

"దానికేముంది, అర్జీ పెట్టుకోమను. సోమవారం తీసుకుంటాం కదా."

నాకు ఒళ్లు మండింది. "పెట్టినారు సార్. నేనే టైపు చేసిచ్చినా. ఆ పెట్టెలో చూడండి, ఉంటాది," అన్నాను గట్టిగానే. ఆయన పెట్టె వైపు చూశాడు, అందులో ఏముంటుందో తనకూ మొదటిసారి తెలిసినట్టు. అరిచి లాభం లేదని నాకు అర్థమైంది. ఆయన భాషలోనే చెప్పాను. "అట్ట లోపలి పక్క చీటీ అతికిస్తే పేజీ లెక్కలోకి రాదు సార్."

ఆయన ముఖం వెలిగిపోయింది. "ఈ మాట ముందే చెప్పొచ్చు కదప్పా!" అని ముద్ర కూడా తానే తీసి ఇచ్చాడు.

రెండు రోజులు షాపు మూసేసి, డ్రైవర్ల దగ్గరున్న ప్రతులన్నీ వెతికి, ఏడు ఊర్ల పేర్లున్న చీటీని జిగురు పెట్టి నా చేత్తో అతికించాను. ట్యాంకర్లు కదిలాయి. తర్వాత ఒక రోజు శింగనమల పెద్దాయన ఉడకబెట్టిన శెనక్కాయలు సంచీడు తెచ్చి నా ముందు పెట్టాడు. "నీ అర్జీ పని చేసిందప్పా," అన్నాడు. నిజం చెప్పడానికి నోరు రాలేదు. శెనక్కాయలు మాత్రం తిన్నాను.

ఆ ఆదివారం ఊరికి వెళ్లాను. ట్యాంకరు దగ్గర నాయన బిందెలు పట్టుకుంటున్నాడు. అమ్మ ఇంటి గడపలో కూర్చుని మోకాలికి నూనె రాసుకుంటోంది.

"ఎవురు చేసినారంటప్పా ఆ తప్పు?" అని అడిగాడు నాయన.

పెద్దాయన దగ్గర మింగిన మాట నాయన దగ్గర మింగలేకపోయాను. "నేనే నాయనా," అన్నాను. పేజీలో ఊరు పట్టకపోతే ఆ ప్రోగ్రామ్ చెబుతుందని, ఆ చెప్పడం నాకు చీకాకుగా ఉండిందని, ఆయనకు తెలిసే మాటల్లో చెప్పాను.

"అంటే అది చెప్పింది."

"చెప్పింది."

"ఎన్నిసార్లు?"

"చేసినప్పుడల్లా."

"నువ్వేం చేసినావు?"

"వినపడకుండా చేసినా నాయనా."

నాయన నిండిన బిందెను పక్కన పెట్టి, ఖాళీది కొళాయి కింద పెట్టాడు.

"తొమ్మిదేళ్లు సర్కారు ఉద్యోగం రాలేదని ఏడిస్తివి కదప్పా," అన్నాడు. "వచ్చేసిండాదిలే నీకు."

నిండిన బిందె భుజానికెత్తుకుని ఇంటికి నడిచాను.