చెవిపోగు తీసిన రోజు

పొద్దున ఆశా కార్యకర్త గుమ్మంలో నిలబడి, "ఒంటి మీద స్పర్శ లేని మచ్చలేమన్నా ఉండాయా పెద్దాయనా?" అని అడిగింది. కుష్ఠు సర్వేకు ఏటా వస్తుంది. నేను చొక్కా విప్పి వెలుతురులో నిలబడ్డాను. "అందరూ ఇట్లుంటే నా పని ఎంత సులువో," అని నవ్విందామె. మా నాయన కాలంలో ఆ ప్రశ్న మా గుమ్మం దాకా వచ్చేదే కాదు.

కుందుర్పి పక్క మాకు ఒకప్పుడు చాలా భూములుండేవి. వానలు లేక, బోర్లు ఎండిపోయి, ఒక్కో చేనూ చేతులు మారింది. నాయన మాత్రం ఇస్త్రీ పంచెలో, వెన్ను వంచకుండా, మిగిలిన వేరుశనగ చేను గట్టున వెనకటిలాగే నిలబడేవాడు. వీపు మీద, మోచేతుల మీద ఎర్రటి మచ్చలు లేస్తే ఎండకు వచ్చాయన్నాడు. ఇంట్లో అందరం అదే మాట అన్నాం. అట్లా అనుకోవడం మాకూ సుఖంగానే ఉండింది. ఒక వేసవి గడిచిపోయింది. పొగలు కక్కే కాఫీ లోటాను ఆయన నింపాదిగా పట్టుకుని, చేయి బొబ్బలెక్కినా మాట్లాడుతూనే ఉన్న రోజున, ఆయన అక్క, మా మేనత్త, చూసింది. మర్నాడే ఆయననూ నన్నూ అనంతపురం బస్సెక్కించి తానూ ఎక్కింది.

ఆసుపత్రి ల్యాబ్‌లో పనిచేసే ఆయన బ్లేడు తీసి, "పరీక్షకు చెవితమ్మె కొంచెం గీకల్ల. పోగు తీయండి," అన్నాడు.

"మా తాత పెట్టిన పోగులివి. పాడె మీదనే తీసేది," అని నాయన లేచినాడు.

"చేండ్లు పోయినప్పుడు లేని రోషం పోగు మీద యాడిదప్పా?" అంది మేనత్త. "రేపు వేళ్లు వంకరపోతే నీ పంచె నేను కట్టల్లనా?"

ల్యాబ్ ఆయన తల వంచుకుని స్లైడు తుడుచుకున్నాడు. నాయన తిరిగి కూర్చుని, పోగు తానే తీసి నా చేతిలో పెట్టాడు.

రంగు వేసిన స్లైడును మైక్రోస్కోపులో నాకు చూపించారు. నీలంగా ఉన్నచోట పుల్లల్లాంటి ఎర్రటి రోగక్రిములు, చీపురు విప్పి పోసినట్టు, కుప్పలుగా పడి ఉన్నాయి. నాయన తానూ చూస్తానన్నాడు. ఆయన నడుము వంచడం నేను చూసింది అప్పుడే. కన్ను తీయకుండానే, "మనింట్లో ఇంతమంది ఉండి ఎన్నేండ్లయిందో," అన్నాడు. మేనత్త కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నవ్విందో ఏడ్చిందో నాకు తెలియలేదు.

ఏడాది మాత్రలతో రోగం పోయింది. మేము ఊరికే పోనిచ్చిన వేసవికి రెండు వేళ్లు వంగి అట్లాగే ఉండిపోయాయి. భూములు పోతున్నప్పుడు ఊరంతటికీ తెలిసింది. స్పర్శ పోతున్నప్పుడు ఆయనకే తెలియలేదు. కాలం తనకు కావలసింది చాలావరకు ఈ రెండో తీరులోనే తీసుకుపోతుందని ఈ వయసులో నాకనిపిస్తుంది.