చాన్ అన్నా టాన్ అన్నా ఒకటే ఇంటిపేరు

ఈ సంగతి నా భర్తకు చెప్పలేదు. చర్చిలో మోకరించినప్పుడు కూడా పైకి అనలేకపోయాను. ఇన్నేళ్లూ గుండెల మీద బండలా మోశాను. మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెబుతున్నాను.

రెండువేల మూడులో ఇంగ్లండులో, కోవెంట్రీలో ముసలివాళ్లను చూసుకునే ఒక కేర్ హోమ్‌లో పని చేసేదాన్ని. పై అంతస్తులో మిస్టర్ చాన్ ఉండేవాడు. ఒకప్పుడు టేక్‌అవే, అంటే భోజనం కట్టి ఇచ్చే కొట్టు, నడిపిన ముసలాయన. భార్య పోయింది, పిల్లలు లేరు. నన్ను చూస్తేనే ఆయనకు కంపరం. స్నానం చేయించబోతే చేతి మీద కొట్టేవాడు. "నీ నల్ల చేతులు తగలనివ్వకు" అనేవాడు. నాకూ ఆయనంటే అసహ్యమే.

అయినా తన ఇంటిపేరు కథ మాత్రం నాకే చెప్పేవాడు. అన్నం తినిపిస్తూ కూర్చున్నదాన్ని, వినక ఎక్కడికి పోతాను? వేల ఏళ్ల కిందట చైనాలో చెన్ అనే రాజ్యం ఉండేదట. రాజ్యం పోయాక అక్కడివాళ్లు ఆ పేరునే ఇంటిపేరుగా పెట్టుకున్నారట. యుద్ధాలకు బెదిరి దక్షిణాన సముద్రతీరానికి చేరి, కొన్ని తరాల తర్వాత ఓడలెక్కి మలయా, అంటే ఇప్పటి మలేషియా దాకా పోయారట. రాసే అక్షరం ఒక్కటే, పలికే తీరు మారింది. ఉత్తరాన చెన్, హాంకాంగ్‌లో చాన్, మలయాలోని పెనాంగ్‌లో టాన్. కుర్రతనంలో పెనాంగ్ వదిలి హాంకాంగ్ వెళ్లి ఈయన చాన్ అయ్యాడు, ఆ పేరుతోనే ఇంగ్లండు వచ్చాడు. పెనాంగ్‌లోనే ఉండిపోయిన తమ్ముడు టాన్‌గానే మిగిలాడు.

"మాది రాజ్యం పేరు. మరి నీది?" అన్నాడొకసారి.

నేను ఇంకో చెంచా అన్నం ఆయన నోటికి అందించాను. మా ఊళ్లో నా ఇంటిపేరు వినగానే, ఇవ్వబోయిన మంచినీళ్ల గ్లాసు వెనక్కి తీసుకున్నవాళ్లను చూశాను. ఆయనకది తెలియదు. తెలియకుండానే సరిగ్గా అక్కడే పొడిచాడు.

ఒక మధ్యాహ్నం రిసెప్షన్ అమ్మాయి లంచ్‌కి వెళితే ఆ కుర్చీలో నేను కూర్చున్నాను. వానలో తడిసిన ఒకామె లోపలికి వచ్చింది.

"మలేషియా నుంచి వచ్చానండి. మా పెదనాన్న కోసం వెతుకుతున్నాను. ఈ ఊళ్లోనే టేక్‌అవే నడిపేవారట. మా ఇంటిపేరు టాన్."

"ఆ పేరుతో ఎవరూ లేరండీ."

"పోనీ, చైనీస్ పెద్దాయన ఎవరైనా ఉన్నారా? స్పెల్లింగ్ వేరేగా ఉండొచ్చు. నాన్నకి అస్సలు బాగోలేదు. అన్నయ్యని ఒక్కసారి చూడాలంటున్నారు."

"లేరని చెప్పాను కదా."

ఆమె థ్యాంక్స్ చెప్పి వెళ్లిపోయింది.

మొదటి మాట తొందరలో వచ్చిందని సర్దిచెప్పుకోవచ్చు. మరి రెండోది? ఆమె వెనకాల తలుపు మూసుకోగానే నాకు తృప్తి కలిగింది. రాజ్యం పేరున్నవాడికి ఎవరూ లేకుండా చేశానన్న తృప్తి. ఆమె ఎదురుగా బస్‌స్టాప్‌లోనే నిలబడింది. పిలిస్తే వినిపించేంత దూరం. కిటికీలోంచి బస్సు వచ్చేదాకా చూస్తూ ఉండిపోయాను.

ఆ చలికాలంలోనే ఆయన పోయాడు. ఊరి కౌన్సిల్ వాళ్లే దహనం చేయించారు. ఈయనకు నా అన్నవాళ్లు లేరని మా మేనేజర్ ఫోన్‌లో చెబుతుంటే పక్కనే నిలబడి విన్నాను. నోరు విప్పలేదు.

ఆయన్ని నేను ఇప్పటికీ క్షమించలేదు. కానీ ఆయన మీది కోపం ఆమె మీద ఎందుకు తీర్చుకున్నాను? ఎక్కడో మంచాన పడ్డ ఆ తమ్ముడు నాకేం చేశాడు? క్షమించమని అడిగే మొహం నాకు లేదు.

ఉన్నాడమ్మా, మీ పెదనాన్న. ఆ మధ్యాహ్నం పై అంతస్తులో బతికే ఉన్నాడు. లేడని చెప్పింది నేను. తెలిసే చెప్పాను.