గల్ఫ్ తరగతి నిలబడింది

విదేశాలకు పనికి పోయేవాళ్లకు ప్రయాణానికి ముందు ప్రభుత్వం ఒక రోజు తరగతి నడుపుతుంది. దానికి పెడుతున్న ఖర్చు దండగా కాదా తేల్చమని, తిరుపతిలో అర్థశాస్త్రం చెప్పుకునే నన్ను అడిగారు. ఢిల్లీ నుంచి వచ్చిన అధికారి తన అనుమానం దాచుకోలేదు.

"వస్తారు, వింటారు, విమానం ఎక్కగానే మరిచిపోతారు. మూసేయడమే మంచిదేమో. మీరే చూసి చెప్పండి" అన్నారు.

గల్ఫ్ నుంచి తిరిగొచ్చిన ఆడవాళ్లను వెతుక్కుంటూ పూతలపట్టు చుట్టుపక్కల ఊళ్లు తిరిగాను. చాలామందికి తరగతిలో ఏం చెప్పారో గుర్తే లేదు. "ఇందీలో ఏందో సినిమా ఏసినారు మేడమ్. నాకు నిద్రొచ్చింది" అని ఒకామె నవ్వేసింది. అధికారి మాటే నిజమవుతుందేమోనని దిగులు పట్టుకుంది.

పాకాలలో ఇడ్లీ బండి పెట్టుకున్న ఒకామె మాత్రం ఆ తరగతి పేరెత్తగానే గరిటె పక్కన పెట్టింది. కువైట్‌లో ఇంటి పనికి పోయిందట. గడువు తీరినా యజమాని పాస్‌పోర్టు ఇవ్వలేదు, ఇంటికి పంపలేదు.

"మా తరగతిలో తెలుగాయన ఒకాయన ఉండె మేడమ్. సినిమా ఆపేసి మన మాటల్లో సెప్పినాడు. కష్టమొస్తే ఏడుస్తా కూసోవద్దు, మన ఎంబసీకి ఫోన్ సెయ్యండి అని ఆ నంబరు మా అందరిసేత పాట మాదిరి సెప్పించినాడు. ఆడ దిక్కు తోచకుండా ఉన్నప్పుడు అదే నోటికొచ్చింది. పక్కింట్లో పనిసేసే పిల్ల ఫోనిచ్చింది. ఎంబసీవాళ్లు మాట్లాడి నన్ను పంపించినారు. రేణిగుంటలో దిగి మనోళ్ల మాటలు యింటే కాళ్లల్లో బలమొచ్చింది."

ఉత్సాహంగా అధికారికి చెప్పాను. "ఒక్కరి అనుభవంతో ఖర్చును సమర్థించలేం కదమ్మా" అన్నారాయన. అదీ న్యాయమే. మళ్లీ బయలుదేరి, ఆ తెలుగాయన పాఠం విన్నవాళ్లనే వెతికి పట్టుకున్నాను. దాదాపు అందరూ ఎంబసీ నంబరు తడుముకోకుండా చెప్పారు. పాస్‌పోర్టు ఎవరి చేతికీ ఇవ్వకూడదనీ చెప్పారు. హిందీ సినిమా చూసినవాళ్లనూ మళ్లీ అడిగాను, వాళ్లలో అలా చెప్పగలిగినవాళ్లు బహు తక్కువ.

నేను రాసింది అధికారి రెండుసార్లు చదివారు.

"అంటే లోపం తరగతిది కాదు, భాషది అంటారు."

"అంతే సార్. తెలుగులో చెప్పిన చోట పెట్టిన ఖర్చు నిలబడింది."

ఢిల్లీలో ఆయనే మా తరపున వాదించారని తరవాత తెలిసింది. తరగతి మూతపడలేదు. పైగా ఇక్కడ అన్ని చోట్లా తెలుగులోనే చెప్పాలని ఉత్తర్వు వచ్చింది. పాకాల ఆమెకు ఫోన్ చేసి చెప్పాను. "అట్లయితే నేనూ వచ్చి సెప్తా మేడమ్. బండి ఆ పూటకి మా ఆయన సూసుకుంటాడు" అంది.

తిరుపతిలో కొత్త తరగతి మొదలైన రోజు ఆమె కొత్త చీర కట్టుకుని వచ్చింది. ముందు వరసలో ఒకమ్మాయి భయంభయంగా లేచి, "అక్కా, ఎంబసీవాళ్లకి తెలుగొస్తుందా?" అని అడిగింది.

"నాతో మాట్లాడినాయనకి వచ్చునే. మనది యా ఊరని కూడా అడిగినాడు" అంది ఈమె. గదంతా నవ్వింది. వెనక నిలబడిన నాకు, ఎన్నికల్లో గెలిచి ఊరేగుతున్నంత గర్వంగా అనిపించింది.